పాతాళమునకు దిగిన ప్రేమ: ఒక దుఃఖ చిత్రము వెనుకనున్న సంఘ చరిత్ర

1998 అక్టోబరులో అమెరికాలో "వాట్ డ్రీమ్స్ మే కమ్" అనే ఆంగ్ల చలనచిత్రము విడుదలైంది. రిచర్డ్ మాథిసన్ 1978లో ప్రచురించిన నవల దానికి మూలము. న్యూజీలాండ్ దేశస్థుడైన విన్సెంట్ వార్డ్ దర్శకుడు. పేరును షేక్‌స్పియర్ "హామ్లెట్" నాటకమునుండి తీసికొన్నారు. బ్రతుకుటయా మానుటయా అని ఆ రాకుమారుడు తనలో తాను తర్కించుకొనే ఘట్టములోని మాటలవి. సుమారు ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు ఖర్చుచేసి తీసిన ఈ చిత్రము అమెరికా థియేటర్లలో ఆ సొమ్మును తిరిగి రాబట్టలేదు. దృశ్య సాంకేతిక విభాగములో మాత్రము 1999లో ఆస్కార్ బహుమతి పొందింది.

వేదాంత పత్రికలో సినిమా ప్రస్తావన ఏమిటని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఈ చిత్రము మరణానంతర జీవితమును గూర్చి చెప్పినదానిలో చాలా భాగము లేఖనములకు సరిపడదు. ఆ సంగతి దాచము. అయినను, తన ప్రాణము తానే తీసికొన్న మనిషి ఇంటి గడప దగ్గర నిలువబడిన ప్రతి సేవకునికి ఎదురయ్యే ప్రశ్నను అది సూటిగా అడుగుతుంది. ఆ ప్రశ్నకు సంఘము ఒక్కొక్క కాలములో ఒక్కొక్క జవాబు చెప్పింది. ఆ జవాబుల చరిత్ర తెలిసి ఈ చిత్రము చూచినవారికి, అది ఎక్కడ తప్పిపోయిందో, ఎక్కడ మనము మరచినదానిని జ్ఞాపకము చేసిందో రెండూ తేటపడతాయి.

ముందుగా కథ. క్రిస్ పిల్లల వైద్యుడు. అతని భార్య యానీ చిత్రలేఖనము ఎరిగిన స్త్రీ. వారి కుమారుడు, కుమార్తె ఒకే కారు ప్రమాదములో చనిపోతారు. యానీ మనస్సు చెదరి ఆసుపత్రి పాలవుతుంది. క్రిస్ మాత్రము నిలదొక్కుకొని తన పనిలో పడతాడు. సంసారము విడిపోయేదాకా వచ్చి, ఎలాగో నిలుస్తుంది. నాలుగు సంవత్సరాల తరువాత క్రిస్ కూడ ప్రమాదములో చనిపోతాడు. అదియు ప్రమాదములో చిక్కినవారికి సహాయము చేయబోయి. అతడు కన్ను తెరచిన పరలోకము యానీ గీసిన బొమ్మ. పువ్వులు, కొండలు, చెరువు అన్నీ పచ్చి రంగులే. అతడు పువ్వును పట్టుకొంటే అది చేతిలో రంగై కారిపోతుంది. ఇక్కడ భూమిమీద యానీ తన చిత్రములో ఒక ఊదారంగు చెట్టును చేర్చితే, అక్కడ అతని ముందు ఆ చెట్టు మొలుస్తుంది. ఆమె నిరాశతో దానిని చెరిపివేస్తే అక్కడ ఆకులు రాలిపోతాయి. దుఃఖించేవారికిని చనిపోయినవారికిని మధ్య ఏమి ఉన్నదో మాటలతో చెప్పలేము గాని, ఆ చెట్టు దగ్గర మా కన్నులు తడిసినవని ఒప్పుకొంటాము.

పిమ్మట యానీ తన ప్రాణము తీసికొంటుంది. ఆమె ఇక్కడికి రాదనియు, అటువంటివారు వేరొక చోటికి పోతారనియు క్రిస్‌కు చెబుతారు. అది శిక్ష కాదట, తమ బాధలోనే తాము మూయబడి, తాము చనిపోయిన సంగతి కూడ ఎరుగని స్థితి అట. అతడు ఆమెను వెదకుచు క్రిందికి దిగుతాడు. అది అగ్నిగుండము కాదు. వారు కాపురమున్న ఇల్లే, పాడుబడి, చీకటిగా ఉన్నది. ఆమె అతనిని గుర్తుపట్టదు. త్రోవ చూపినవాడు, ఎక్కువసేపు ఉంటే నీకును మతి పోతుందని ముందే హెచ్చరించాడు. క్రిస్ ఆమెను ఒప్పించలేకపోతాడు. చివరకు అతడు తన తప్పు ఒప్పుకొంటాడు. పిల్లలు పోయినప్పుడు తాను ధైర్యముగా నిలిచాడు గాని ఆమె దుఃఖములోనికి తాను రాలేదు, ఆమెను ఒంటరిగా విడిచాడు. ఇక పైకి వెళ్లను, ఇక్కడే నీతో ఉంటానని కూర్చుంటాడు. అతని జ్ఞాపకము జారిపోవుచుండగా ఆమెకు జ్ఞాపకము వస్తుంది. తరువాతిది మనము సులభముగా ఊహించగలము: పిల్లలతో కలయిక, మరల భూమిమీద పుట్టి ఒకరినొకరు కనుగొనాలనే నిర్ణయము.

ఈ ముగింపు మాకు రుచించలేదు. మనుష్యులు ఒక్కసారే మృతి పొందుదురని హెబ్రీ పత్రిక (9:27) చెప్పుచున్నది. పునరుత్థానమందు పెండ్లి చేసికొనుట ఉండదని ప్రభువు సద్దూకయ్యులకు చెప్పాడు (మత్తయి 22:30). ఈ చిత్రములోని పరలోకములో దేవుని సింహాసనము లేదు, గొఱ్ఱెపిల్ల లేడు. దేవుడెక్కడ అని క్రిస్ అడిగితే, పైనెక్కడో ఉన్నాడు, ప్రేమిస్తున్నానని పిలుస్తున్నాడు గాని మనకు వినబడడము లేదు అన్న ధోరణిలో ఒక జవాబు వస్తుంది. మాట మృదువుగా ఉన్నది గాని అందులో సువార్త లేదు. నరావతారమెత్తి వచ్చిన దేవుడు దూరమునుండి కేకవేసే దేవుడు కాడు.

మరి క్రీస్తు లేని ఈ పరలోకము ఎక్కడినుండి వచ్చింది? అన్యమతములనుండి వచ్చిందని తేలికగా అనివేస్తాము. పునర్జన్మ మాట వరకు అది కొంత నిజమే. మిగిలినది చాలావరకు క్రైస్తవ ఇండ్లలోనే పుట్టింది. స్వీడన్‌కు చెందిన ఇమ్మానుయేల్ స్వీడన్‌బోర్గ్ 1758లో పరలోక నరకములను గూర్చి లాటిన్ భాషలో ఒక గ్రంథము ప్రచురించాడు. అక్కడ ఇండ్లు, తోటలు, దాంపత్యము కూడ ఉన్నాయి. మనిషి హృదయము దేనిని ప్రేమించిందో అదే అతని లోకమవుతుంది, నరకమునకు ఎవరును త్రోయబడరు, తామే కోరుకొని పోతారు అన్నది అతని బోధ. ఈ చిత్రములోని నరకమునకు అది దగ్గర చుట్టము.

అంతకంటె మన వేదాంత విద్యార్థులు తెలిసికొనవలసినది ఎలిజబెత్ స్టూవర్ట్ ఫెల్ప్స్ సంగతి. ఆమె తండ్రి ఆస్టిన్ ఫెల్ప్స్ అమెరికాలోని ఆండోవర్ వేదాంత కళాశాలలో ఆచార్యుడు. తల్లి తండ్రియైన మోసెస్ స్టూవర్ట్ అదే కళాశాలలో పేరుపొందిన హెబ్రీ పండితుడు. అమెరికా అంతర్యుద్ధము 1865లో ముగిసేనాటికి ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. ఎవరి శవము ఎక్కడ ఉన్నదో తెలియని ఇండ్లు లెక్కలేనన్ని. ఆ ఇండ్లలోని స్త్రీల కొరకు ఆమె 1868లో "ది గేట్స్ అజార్" అనే నవల ప్రచురించింది. యుద్ధములో అన్నను పోగొట్టుకొన్న యువతి అందులో కథానాయిక. సంఘపు డీకన్ ఒకాయన ఆమెను చూడవచ్చి ఓదార్చుటకు బదులు, దేవుని చిత్తమునకు ఎందుకు లోబడవని గద్దిస్తాడు. కాపరి ప్రసంగములోని పరలోకమేమో ఆమెకు అర్థము కాదు, అందులో ఆమె అన్నకు చోటున్నట్లు తోచదు. చివరకు ఆమెను ఓదార్చినది ఒక విధవరాలైన పిన్ని. పరలోకములో ఇండ్లు ఉంటాయి, తోటలు ఉంటాయి, వాయించుకొనుటకు పియానో కూడ ఉంటుందని ఆమె చెబుతుంది. పుస్తకము లక్షల మంది చేతులలోనికి వెళ్లింది. దైవశాస్త్రజ్ఞులు మండిపడ్డారు.

వారి కోపములో న్యాయమున్నది. అయితే ఆచార్యుని ఇంట పెరిగిన కుమార్తె ఆ పుస్తకము వ్రాయవలసి వచ్చినదంటే, ఆ కాలపు ప్రసంగములలో దుఃఖితులకు ఏమి దొరకలేదో మనము అడుగవలదా? వేదిక ఖాళీగా విడిచిన చోటును నవల నింపింది. 1848నుండి న్యూయార్కు రాష్ట్రములో మొదలై వ్యాపించిన మృతులతో సంభాషించే ఉద్యమము అదే చోటును మరింత చెడ్డగా నింపింది. 20వ శతాబ్దములో ఆ పని మరణపు అంచువరకు పోయి వచ్చినవారి అనుభవములను సేకరించినవారు చేశారు. రేమండ్ మూడీ పుస్తకము 1975లో వచ్చింది. మూడేండ్లకు మాథిసన్ నవల. తన పాత్రలు కల్పితములే గాని, మిగిలిన వివరములు చదివి సేకరించినవని చెప్పి, నవల చివర ఒక గ్రంథ పట్టికను కూడ ఆయన జోడించాడు. అంటే ఈ చిత్రము ఒక్క మనిషి కల కాదు. నూట ఏబది సంవత్సరాలకు పైగా కాపరుల దగ్గర ఓదార్పు దొరకనివారు కూర్చుకొన్న పరలోకము అది.

ఇంక నరకము మాట. ఇదే ఈ వ్యాసమునకు ముఖ్యము.

మన భాషలో "ఆత్మహత్య" అనే మాటలోనే హత్యానేరము ఇమిడి ఉన్నది. పత్రికలవారు "బలవన్మరణము" అని కూడ వ్రాస్తారు. లేఖనములను చూస్తే, అటువంటి మరణములను అవి చెప్పిన తీరు చాలా పొదుపుగా ఉన్నది. సౌలు, అతని ఆయుధములు మోయువాడు, అహీతోపెలు, జిమ్రీ, ఇస్కరియోతు యూదా. వీరిలో సౌలు శవమును యాబేష్గిలాదువారు రాత్రియంతయు నడిచి పోయి తెచ్చి, యెముకలను పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసముండిరి (1 సమూ. 31:11-13). దావీదు వారిని దీవించాడు. తన శత్రువైన సౌలు కొరకు విలాపగీతము కట్టాడు. దావీదుకు ద్రోహము చేసిన అహీతోపెలు కూడ తన తండ్రి సమాధిలో పాతిపెట్టబడ్డాడు (2 సమూ. 17:23). ఊరి బయట కాదు. సమ్సోనును సహోదరులు తీసికొనిపోయి తండ్రి సమాధిలో ఉంచారు, హెబ్రీ పత్రిక అతని పేరును విశ్వాసుల వరుసలో చేర్చింది (11:32). ఆ మరణములు మంచివని ఈ వచనములు చెప్పవు. శవమును ఏమి చేయాలన్న విషయములో మాత్రము ఇశ్రాయేలీయుల పద్ధతి స్పష్టముగా ఉన్నది.

సంఘములో ఈ విషయమును మొదట విస్తారముగా చర్చించినవాడు అగస్టీను. ఆయన వ్రాసిన సందర్భమును మరచి ఆయన తీర్పును మాత్రము మనము పట్టుకొన్నాము. 410లో అలారిక్ నాయకత్వములోని గోతులు రోమా పట్టణమును దోచినప్పుడు క్రైస్తవ స్త్రీలు అనేకులు మానభంగమునకు గురయ్యారు. పూర్వము లుక్రేషియా అనే రోమా స్త్రీ వలె వీరు ఎందుకు ప్రాణము తీసికొనలేదని ఎత్తిపొడిచినవారున్నారు. "దేవుని పట్టణము" మొదటి భాగములో అగస్టీను ఆ స్త్రీల పక్షమున నిలిచాడు. మీ ఇష్టము లేక జరిగినదానివలన మీ పవిత్రత పోలేదు, మీరు చావనక్కరలేదు, నరహత్య చేయవద్దన్న ఆజ్ఞ మీ ప్రాణమునకు కూడ వర్తిస్తుంది అని ఆయన వాదము. అవమానముతో బ్రతికియున్నవారిని బ్రతికించుటకు చెప్పిన మాట అది. సమ్సోను విషయము వచ్చినప్పుడు మాత్రము ఆయనకు ఇబ్బంది కలిగింది, ఆత్మ రహస్యముగా ఆజ్ఞాపించి ఉండవలెనని సర్దుకొన్నాడు.

బ్రతికియున్నవారి కొరకు చెప్పిన ఆ మాట ఒకటిన్నర శతాబ్దము గడిచేసరికి చనిపోయినవారి మీద శిక్షగా మారింది. 561లో నేటి పోర్చుగల్‌లోని బ్రాగాలో కూడిన సభ, తమ ప్రాణము తీసికొన్నవారికి బలిపీఠము దగ్గర జ్ఞాపకము చేయరాదనియు, కీర్తనలతో సమాధికి తీసికొనిపోరాదనియు నియమించింది. 13వ శతాబ్దములో తోమా అక్వినాసు దానికి మూడు కారణములు కూర్చాడు: అది ప్రకృతికి, సమాజమునకు, దేవునికి విరోధము. ఇంగ్లండులో అటువంటివారి ఆస్తిని రాజు జప్తు చేసేవాడు, శవమును నాలుగు బాటల కూడలిలో పూడ్చేవారు. చనిపోయినవానికి ఆస్తితో పనిలేదు గనుక ఆ శిక్ష ఎవరికి తగిలిందో చెప్పనక్కరలేదు. భార్యకును పిల్లలకును తగిలింది.

ఈ తీర్పుకు అందరికంటె గొప్ప చిత్రము గీసినవాడు దాంతే. ఆయన కావ్యములోని నరకములో ఏడవ వలయమున ఒక అడవి ఉన్నది. తమ ప్రాణము తీసికొన్నవారు అక్కడ ముండ్ల చెట్లయ్యారు, కొమ్మ విరిస్తే రక్తము కారుతుంది, మాట వస్తుంది. అంత్యదినమున అందరివలె వారును శరీరములను తెచ్చుకొంటారు గాని తొడుగుకొనలేరు. అవి ఆ కొమ్మలకే వ్రేలాడతాయి. భయంకరమైన ఊహ. ఇక్కడ రెండు సంగతులు గమనించదగినవి. రాజద్రోహియని అబద్ధపు నింద మోసిన పియెర్ దెల్లా విన్యా అనే మంత్రి ఆ చెట్టులోనుండి మాట్లాడిన తరువాత, దాంతే జాలితో నోట మాట రాక, ఇంక నీవే అడుగుమని తన మార్గదర్శిని వేడుకొంటాడు. మరియొకటి, స్వహస్తముతో చనిపోయిన రోమీయుడైన కాటోను ఆయన పాపవిమోచన పర్వతమునకు కావలివానిగా నిలిపాడు. తీర్పు వ్రాసిన కలమే రెండుమార్లు వణికింది.

సంస్కరణ కాలములో లూథరు 1532లో భోజనపు బల్లయొద్ద, అటువంటివారు తప్పక నశించినవారనే మాటను తాను ఒప్పనన్నాడు. అడవిలో దొంగలచేత చంపబడినవానివలె వారును సాతాను బలముచేత జయింపబడినవారని ఆయన అభిప్రాయము. వెంటనే ఇంకొక మాట చేర్చాడు: దీనిని సామాన్య జనులకు బోధింపరాదు, సాతాను దానిని అదనుగా తీసికొని అనేకులను చంపును. ఈ రెండవ మాటను మేము తేలికగా తీసికొనము. కనికరముగా మాట్లాడితే నిరాశలో ఉన్న మరియొకరు ఆ త్రోవ పట్టుదురేమో అనే భయము ప్రతి కాపరికి ఉన్నది, ఉండవలెను కూడ. కాని గదిలో ఒక జవాబు, వేదికమీద మరియొక జవాబు చెప్పవలసి వచ్చిన ఆ స్థితి నాటినుండి నేటివరకు మనలను వెంటాడుచున్నది.

1662 నాటి ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకములో భూస్థాపన క్రమమునకు ముందు ఒక చిన్న సూచన ఉన్నది. బాప్తిస్మము పొందనివారికి, వెలివేయబడినవారికి, తమమీద తామే చేయి వేసికొన్నవారికి ఈ క్రమమును వాడరాదు. ఆంగ్లికన్ మిషనరీలు మన తెలుగు ప్రాంతమునకు వచ్చినప్పుడు వారితో కూడ వచ్చిన పుస్తకమది. ఇంగ్లండులోనే న్యాయనిర్ణేతలు 18వ శతాబ్దములో చనిపోయినవాడు మతిస్థిమితము లేనివాడని తీర్పు చెప్పి కుటుంబములను కాపాడసాగారు. 1823లో కూడలిలో పూడ్చుట చట్టముచేత ఆగింది, అయితే రాత్రి తొమ్మిదినుండి అర్ధరాత్రి లోపల, ప్రార్థన లేకుండ పూడ్చాలన్నారు. 1882లో ఆ రాత్రి నియమమును తీసివేశారు. రోమను కతోలిక సంఘము 1917 నాటి ధర్మశాస్త్రములో ఉంచిన నిషేధమును 1983 నాటి శాస్త్రములో విడిచిపెట్టింది. 1992 నాటి వారి బోధగ్రంథము అటువంటివారి రక్షణను గూర్చి నిరాశపడవద్దని చెప్పుచున్నది. ఇంగ్లండులో బ్రతికి బయటపడినవానిని శిక్షించే చట్టము 1961లో రద్దయింది. వారు మనకిచ్చిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను మాత్రము మన దేశములో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టముతో బలహీనపడి, 2024 జూలై 1న కొత్త న్యాయసంహిత అమలులోనికి రావడముతో పోయింది. చట్టములు మారినవి. మన గ్రామ సంఘముల పెద్దల మాట మారిందా అన్నది ఒక్కొక్క కాపరి తన సంఘమును చూచి చెప్పవలసినదే.

ఈ తీర్పుల త్రోవతో పాటు సంఘములో మరియొక త్రోవ కూడ నడిచింది. దాంతే 1321లో చనిపోయాడు. దాదాపు అవే సంవత్సరములలో కాన్‌స్టాంటినోపులులోని కోరా దేవాలయపు గోడమీద ఒక పేరు తెలియని చిత్రకారుడు క్రీస్తు మృతుల లోకమునకు దిగిన దృశ్యమును గీశాడు. నేటి ఇస్తాంబులులో 2024లో మసీదుగా తెరువబడిన ఆ కట్టడములో అది ఇంకను నిలిచియున్నది. విరిగిన తలుపులు, చెదిరిన తాళములు, బంధింపబడిన సాతాను పాదముల క్రింద ఉన్నవి. ప్రభువు ఒక చేత ఆదామును, ఒక చేత హవ్వను సమాధులలోనుండి లేపుచున్నాడు. వారి చేతులను కాదు, మణికట్టులను పట్టుకొన్నాడు. చేతిని పట్టుకొంటే అవతలివాడు కూడ పట్టుకొనవలెను. మణికట్టును పట్టుకొనుటకు అవతలివానికి బలముండనక్కరలేదు.

అపొస్తలుల విశ్వాస ప్రమాణములో ఆయన మృతుల లోకమునకు దిగాడనే మాటను మనము ఆదివారము ఆదివారము పలుకుతాము. 1 పేతురు 3:18-20, 4:6 వచనముల అర్థమును గూర్చి పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కాల్విను దానిని స్థలము మాటగా తీసికొనలేదు. దేవునిచేత విడువబడినవాని ఆత్మవేదనను ప్రభువు సిలువమీద అనుభవించుటయే ఆ దిగుట అన్నాడు. తూర్పు సంఘముల బోధ వేరు. ఏ అర్థము తీసికొన్నను ఒకటి మిగులును: నిరాశ యొక్క అడుగువరకు మనకంటె ముందు వెళ్లినవాడు ఉన్నాడు. పాతాళమందు పండుకొన్నను నీవక్కడను ఉన్నావని కీర్తనకారుడు (139:8) ముందే ఎరిగియున్నాడు.

ఇప్పుడు క్రిస్ ఆ పాడింటిలో కూర్చున్న దృశ్యమును మరల తలంచుకొనండి. దర్శకునికి కోరా చిత్రము మనస్సులో ఉన్నదో లేదో మాకు పని లేదు. కథలోని ఆ ఒక్క భాగము మాత్రము స్వీడన్‌బోర్గ్‌ది కాదు, పియానోల పరలోకమునుండి వచ్చినది కాదు. పైన సుఖముగా ఉండగలవాడు దానిని విడిచి, తనను గుర్తుపట్టలేనిదాని దగ్గరకు దిగి, ఆమె చీకటిని తనదిగా చేసికొనుట. అన్యుల కథలలో ఓర్ఫియస్ తన భార్యకొరకు దిగి, వెనుకకు చూచి పోగొట్టుకొన్నాడు. మన సావిత్రి యముని వెంట నడిచి మాట నేర్పుతో గెలిచింది. (తెలుగు సినిమాలో యమలోకమంటే నవ్వులాటయే గదా. 1977 నాటి "యమగోల"నుండి 1994 నాటి "యమలీల"వరకు అంతే.) క్రిస్ పాటతో గెలువలేదు, మాటతో గెలువలేదు. ఉండిపోతానన్నాడు. తేడా కూడ చెప్పవలెను. క్రిస్ దిగితే తానే మతి పోగొట్టుకొనబోయాడు, ప్రభువు దిగితే ద్వారములే విరిగినవి. దంపతుల ప్రేమ ఒక్క యానీని లేపింది, ఆ గోడమీద ఆయన చేతులలో ఉన్నవారు సర్వ మానవ జాతి తలిదండ్రులు.

పిల్లలు పోయిన తరువాత క్రిస్ చేసిన తప్పు మమ్మును ఇంకను ఎక్కువగా పట్టుకొన్నది. అతడు దుర్మార్గుడు కాడు, ధైర్యవంతుడు. నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడకుడని పౌలు చెప్పినదానిని (1 థెస్స. 4:13) దుఃఖపడనే వద్దన్నట్లు బోధించే కాపరులము మనము కూడ ఆ విధమైన ధైర్యవంతులమే. లాజరును లేపబోవుచున్న ప్రభువు కూడ ముందు కన్నీళ్లు విడిచాడు.

ఈ చిత్రము అమెరికాలో విడుదలైన సంవత్సరమునకు మాకొక స్వంత జ్ఞాపకమున్నది. 1997 చివరనుండి 1998 తొలి నెలలవరకు వరంగల్ జిల్లాలో పత్తి చేలను లద్దెపురుగు తినివేసింది. మందులు పనిచేయలేదు, వడ్డీల అప్పులు మిగిలినవి, వందలమంది రైతులు ప్రాణములు తీసికొన్నారు. మేము అప్పుడే వేదాంత విద్య ముగించి ఆ ప్రాంతములో ఒక గ్రామ సంఘమునకు వచ్చినవారము. మా సంఘములోని ఒక కౌలు రైతు అలాగే చనిపోయాడు. సంఘపు సమాధుల తోటలో చోటివ్వము, పాటలు పాడము అని పెద్దలు అన్నారు. మేము ఎదురు చెప్పలేదు. ఆయన దున్నిన చేని గట్టు ప్రక్కన గొయ్యి తీశారు. మేము మూడు నిమిషములు ప్రార్థన చేసి వచ్చివేశాము. మూడవ దినమున ఆయన భార్య పాస్టరు బంగళాకు వచ్చి, "అయ్యగారూ, ఆయన ఎక్కడున్నడు?" అని అడిగింది. మేము, "ప్రార్థన చేసుకో అమ్మా" అన్నాము. ఆమె కొంతసేపు నిలువబడి వెళ్లిపోయింది.

2004లో ఒక మిత్రుని ఇంట ఈ చిత్రమును చూచినప్పుడు, ఆ పాడింటి దృశ్యము దగ్గర మాకు ఆమె నిలువబడిన గడప కనబడింది. 2014 ఆగస్టు 11న క్రిస్ పాత్ర వేసిన రాబిన్ విలియమ్స్ తానే ప్రాణము తీసికొన్నాడను వార్త విన్నప్పుడు మరల అదే. ఆయన మెదడును ఒక తీవ్రమైన వ్యాధి తినివేసిందని శవపరీక్షలో తరువాత బయటపడింది. ఎవరి మనస్సులో ఏమి జరుగుచున్నదో బయటనుండి తీర్పు తీర్చేవారము ఎంత తక్కువ ఎరుగుదుమో!

బ్రతికియున్నవారికి సంఘము చెప్పవలసిన మాట ఫిలిప్పీ చెరసాలలో ఉన్నది. కత్తి దూసిన అధికారితో పౌలు, చీకటిలోనుండియే, నీవు హాని చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే ఉన్నామని గట్టిగా కేక వేశాడు (అపొ. కా. 16:28). దానిలో నరకపు బెదిరింపు లేదు. ఉన్నామన్న మాట ఉన్నది. ఆ మాటకు ఆ అధికారి దీపము తెమ్మన్నాడు. మరణమును మెచ్చుకొనకుండ, చనిపోయినవానిని తిట్టకుండ, మిగిలినవారిని ఒంటరిగా విడువకుండ మాట్లాడుట సాధ్యమేనని ఆ ఒక్క వచనము చాలు. లూథరు భయపడినదానికి మాకు తోచిన జవాబు ఇదే.

2004 చివరలో మేము ఆ గ్రామమునకు తిరిగి వెళ్లాము. అప్పటికి వేరొక కాపరి ఉన్నారు. ఆమె కూలికి పోయి ఉంటే సాయంకాలమువరకు వేచియుండి, ఆమెతోను కుమారునితోను చేని గట్టు దగ్గరకు నడిచాము. చేను చేతులు మారింది గాని గట్టును ఎవరును దున్నలేదు. ఆరు సంవత్సరముల క్రిందట తప్పు చేశామని చెప్పాము. ఆమె దానికేమియు అనలేదు. కొంతసేపటికి, "ఆయన యాడున్నడో మీకు తెల్వకపోతే పోనీయుండ్రి అయ్యగారూ, ఆడికి యేసయ్య పోగలడా, అది చెప్పుండ్రి" అంది. వెళ్లగలడని చెప్పాము. విశ్వాస ప్రమాణములోని ఆ మాటను చెప్పి, కోరా గోడమీది మణికట్టుల సంగతి కూడ చెప్పాము. ఆమె తన మణికట్టును చూచుకొన్నది. అప్పుడు భూస్థాపన క్రమమును మొదటినుండి చివరివరకు చదివాము, కుమారుడు ఒక కీర్తన ఎత్తుకొన్నాడు.

మందిరమునకు వచ్చి కాపరిగారి అనుమతితో 1998 నాటి భూస్థాపన రిజిష్టరు తీయించాము. ఆ నెలలో ఆయన పేరు లేదు. వ్రాయవలసినవారము మేమే. పుట అడుగున ఖాళీ ఉన్న వరుసలో పేరు, వయస్సు, మరణ తేది, పూడ్చిన స్థలము వ్రాసి, క్రమము జరిపినవారు అన్న చోట మా సంతకము చేసి, ప్రక్కన ఆనాటి తేదీ వేశాము.